ఎడమ చెప్పు

వేట నిషేధం. హార్బర్లో బోట్లన్నీ
ఒకదాన్నొకటి ఆనుకుని, కొత్త పెయింటు వాసనేస్తూ.
రాయడానికి లెక్కల్లేవు కనక
మే నెల ఎండలో ఆటో దిగి
పెద్దాసుపత్రి మెరక ఎక్కాను,
మూడుచోట్ల ఆగి.

నరాల ఓపీ పక్కగదిలో
ఫ్యాను కింద ఒక కంప్యూటరు,
దాని ముందు సుభాషిణి అనే గుంట,
మెళ్ళో కార్డు, చేతిలో పన్నెండు పేజీల ఫారం.
దేశమంతా ఈ జబ్బున్న వాళ్ళని
ఒక్క ఖాతాలోకి ఎక్కిస్తున్నారట.
జబ్బు పేరు ఎమ్మెస్.
పెద్ద చదువేమో అనుకున్నారు మా వాడలో.

"పేరు?"
మైలపిల్లి ఎల్లాజమ్మ.
"పని?"
వేలంపాట దగ్గర చిట్టా రాస్తాను.
ఏ బోటు, ఏ చేప, ఎన్ని బుట్టలు,
ఎవరు పాడారు, ఎవరు బాకీ.
"మొదటి లక్షణం ఎప్పుడు?"

ఏం చెప్పను.
జెట్టీ మీద నడుస్తుంటే
ఎడమ చెప్పు ఊడిపోయింది. నాకు తెలీలేదు.
ఐసు మోసే కుర్రాడు వెనక నుంచి
"అక్కా, నీ చెప్పు" అని అరిచేదాకా
పొలుసుల మీద, కాలుతున్న సిమెంటు మీద
ఒట్టి కాలితో నడిచాను.
ఆ ఏడు చందువాలు బాగా పడ్డాయి.
ఏడాది గుర్తులేదు, రేటు గుర్తుంది.
సుభాషిణి నవ్వలేదు.
ఆ గడి ఖాళీగా ఉంచింది.

తర్వాత మెడ. చిట్టా మీదికి వంగితే
వెన్నులో కరెంటు, నడుం దాకా.
వంగడం మానేసి పుస్తకాన్నే
కళ్ళెదుట ఎత్తిపట్టి రాశాను రెండేళ్ళు.
పాటదార్లు పొగరనుకున్నారు.
వేడినీళ్ళు తలమీద పోసుకుంటే
కుడి కన్ను మసకేసేది,
ఒళ్ళు చల్లబడ్డాక మళ్ళీ వచ్చేది.
ఒకరు నరాల బలహీనతన్నారు, సూదులు పొడిచారు.
ఒకరు గాలి అన్నారు, నిమ్మకాయలు కోశారు.
మా వదిన ఏమీ అనలేదు,
నా బిందె తనే మోసింది.
అది రాయడానికి ఫారంలో చోటు లేదు.

మనవైపు ఈ జబ్బు తక్కువని
పుస్తకాల్లో ఉండేదట.
చిట్టాకెక్కని చేప
పట్టనట్టే కదా.

"ఇరవై అయిదు అడుగులు నడవండి" అని
నేలమీది రెండు టేపుముక్కల మధ్య నన్ను వదిలి
గడియారం నొక్కింది.
పదకొండు సెకన్ల పైన.
ఆ తర్వాత ఒక పలక,
తొమ్మిది కన్నాలు, తొమ్మిది పుల్లలు.
వల కంతల్ని చూడకుండా అల్లిన చేతులివి.
నాలుగో పుల్ల జారి
బల్ల కిందికి దొర్లిపోయింది.
ఫ్యాను చప్పుడు వింటూ
ఇద్దరం దానివైపే చూశాం.
"మళ్ళీ మొదట్నించి" అంది మెల్లగా,
తప్పు తనదైనట్టు.

"దీనివల్ల నాకేటొస్తాదమ్మా?"
అబద్ధం ఆడొచ్చు ఆ పిల్ల. ఆడలేదు.
"మీకు రాకపోవచ్చండీ.
మీ తర్వాత చెప్పు పోగొట్టుకున్నావిడ
నాలుగేళ్ళు తిరగక్కర్లేకపోవచ్చు."

పేరు బయటికి వెళ్ళదట, నంబరొక్కటే.
మంచిదే. బోటు పేరు పెయింటుతో మారుతుంది,
సముద్రంలో వెతికేవాళ్ళు నంబరే అడుగుతారు.
"నాను రావడం మానేస్తే?"
దానికీ ఒక గడి ఉంది.
మా చిట్టాలో చెప్పాను,
తుఫానుకెళ్ళి రాని బోటుని గీత పెట్టి కొట్టెయ్యం,
ఆ వరస అలాగే ఖాళీగా ఉంచుతాం అని.
కాసేపు ఆలోచించి
"సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదండీ" అంది.

సంతకాలు మూడు పెట్టాను.
మూడూ మూడు రకాలు.
రెండోది తనకి నచ్చింది.

మెరక దిగుతుంటే
డాల్ఫిన్స్ నోస్ రెండుగా కనిపించింది.
కుడి కన్ను మూశాను. ఒకటైంది.

ఇంటికొచ్చి చిట్టా చివరి పేజీలో
ఐసు బాకీ నూటనలభై కింద రాసుకున్నాను:
నవంబరు, రెండో మంగళవారం.
ఎర్రట్ట పాత చిట్టా వెతికి పట్టుకెళ్ళాలి.
చందువాల ఏడాదిది.